ఎనభై నాలుగో గడి

శాస్త్రవేత్త ఛే మన్‌ఛొల్ కాఫీ తాగి కుర్చీలోనే చచ్చిపోయాడు. మూతి నిండా నురగ. పది నిమిషాల ముందే గూఢచారి శాఖకు ఫోన్ చేశాడు.

"నా కంప్యూటర్ స్క్రిప్టును ఎవరో ముట్టుకున్నారు."

అంతే మాట.

శాఖ డైరెక్టర్ కుక్, ఏజెంట్ బూ సొక్‌జున్‌ను పిలిచాడు.

"నాలుగింటికి రాకెట్ లేస్తుంది. తుపాన్లు కనిపెట్టే ఉపగ్రహం. చుక్కల్ని చూసి దిక్కు తెలుసుకుంటుంది. చుక్కల పట్టీ తప్పయితే గుడ్డిదే. మీ తమ్ముడు చేపల పడవ మీదే కదా?"

"ఒక్కడే మిగిలాడు సార్. పెద్దోణ్ణి పోయినేడు తుపాను తీసుకుపోయింది."

"ఇది విదేశీ ముఠా పని. రాకెట్ కేంద్రం లోపల మన మనిషి తాక్ హేరన్ ఉంది. పంది తల మోసుకుని వెళ్ళు."

అక్కడి ఆచారం ప్రకారం కొత్త యంత్రం ఏదైనా నడిపే ముందు ఉడికించిన పంది తలకు మొక్కాలి. రాకెట్‌కైనా అంతే.

సొక్‌జున్ వంటవాడి టోపీ పెట్టుకుని తల మోశాడు. కొవ్వు మోచేతుల దాకా కారింది. ఈగలు. పక్క గదిలో శవం మీద దుప్పటి కప్పి, ఇంజనీర్లంతా గదులు వదిలేసి వచ్చి పంది ముందు సాగిలపడ్డారు.

కంప్యూటర్ గదిలో హేరన్ ఒక్కతే ఉంది. ఎర్రని పెదాలు. ఆమె సెంటు కన్నా పంది వాసనే నయం.

"చేతులు కడుక్కో అన్నా, ఛీ!"

"నువ్వు కడుక్కున్నావా?"

జిడ్డు వేళ్ళతోనే ఆదేశం కొట్టాడు. పట్టీ ఫైల్లో ఒక్కో చుక్కకు ఒక్కో వరుస, వరుసలో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. చుక్క ఉన్న చోటును ఏ గడి నుంచి కత్తిరించి తీసుకోవాలో స్క్రిప్టు చెబుతుంది. నల్లటి తెర మీద అంకెలు జారాయి.

"తొమ్మిది వేల చుక్కలు. నీకేం తెలుసని చూస్తున్నావ్?"

"ఒక్కటే తెలుసు. ముసలాయన చుక్క."

తెలుగువాళ్ళు అగస్త్యుడనేది దాన్నే. జెజు దీవి దక్షిణపు ఒడ్డున, సముద్రానికి జానెడు ఎత్తులో కనబడి మునిగిపోతుంది. చూస్తే ఆయుష్షని చలికాలంలో అవ్వ అతన్ని వీపున మోసుకెళ్ళి చూపించేది. తెర మీద అది ఉత్తరానికి యాభై రెండు డిగ్రీలు.

"ముసలాయన్ని మా నడినెత్తికి ఎక్కించావే! దక్షిణమని చెప్పే మైనస్ గుర్తు ఎనభై నాలుగో గడిలో ఉంది. నువ్వు ఎనభై అయిదు నుంచి కోయించావు. దక్షిణపు చుక్కలన్నీ ఉత్తరానికి పోయాయి. ఛేకి కాఫీ ఇచ్చింది కూడా నువ్వే."

హేరన్ లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల విషపు సూది. సొక్‌జున్ కుర్చీని ఆమె మీదికి తన్నాడు. సూది బల్లలో దిగింది. ఆమె చేతిని బల్లకాలికి బేడీ వేశాడు.

పట్టీ పంపడానికి ఇక మిగిలిన గడువు తొమ్మిది సెకన్లు. స్క్రిప్టులో ఎనభై పక్కనున్న అయిదు చెరిపాడు. నాలుగు కొట్టాడు. వేలు జారింది. మళ్ళీ కొట్టాడు. పట్టీ ఉపగ్రహానికి చేరేసరికి ఒక్క సెకను మిగిలింది.

రాకెట్ లేచింది.

సాయంత్రం డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"శభాష్. ఛే గుండె ఆగి పోయాడని పేపర్లకు చెప్పాం."

"హేరన్?"

"వదిలేశాం. ఇకనుంచి మనకే పనిచేస్తానని ఒట్టేసింది."

"ఇన్నాళ్ళూ చేసింది కూడా మనకే కదా సార్" అని ఫోన్ పెట్టేసి, సొక్‌జున్ ఉమ్మేశాడు.