మామగారి వేరు

ఆ ఉదయం కూడా వెస్టా వంటింటి కిటికీ తెరిచి, ముందు చెట్టు వంక చూసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించింది. టెనెసీ కొండల్లో డాగ్‌వుడ్ చెట్టు తెల్లగా పూసి, ఆ పూలతోపాటే ఓ చలి విసురు వస్తేగాని మొక్కజొన్న నాటకూడదు. వాళ్ళమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. ఇరుగుపొరుగు చేలల్లో నాటడం అయిపోయింది. వెస్టా పెరట్లో చెట్టు మాత్రం ఈ ఏడు ఒక్క పువ్వూ పూయలేదు. ఆకుల నిండా ఊదారంగు అంచున్న మచ్చలు, కింది కొమ్మలన్నీ ఎండు పుల్లలు.

పెళ్ళయిన ఏడు ఆమె భర్త హార్లన్ వాగు ఒడ్డున తవ్వి, గోనెలో చుట్టి, భుజాన మోసుకొచ్చిన చెట్టది. మనిషి పోయినా చెట్టుందిలే అనుకుంది ఇన్నాళ్ళూ.

కోడలు నోరీన్ రంపంతో గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యా, ఇక కొట్టెయ్యాల్సిందే. తెగులు పక్కవాటికీ పాకుతుంది."

"ముందు నన్ను కొట్టెయ్యి. కాఫీ తాగి మరీ కొట్టు, నీరసమొస్తుంది!"

"ఆ చోటే తెగులు తట్టుకునే మొక్క పెడతాను."

"సంతలో కొన్నదా? నా ఇంట్లో పరాయి చెట్టు పూస్తుంటే చూస్తూ కూర్చోనా? ఇక మీ మామయ్య ఎక్కడుంటాడే?"

నోరీన్ రంపం గోడకి ఆనించి, అత్త చెయ్యి పట్టుకుని కోళ్ళగూడు వెనక్కి నడిపించింది. అక్కడ నీడలో, కుండీలో, నడుమెత్తు మొక్క. ఆకు మీద మచ్చన్నది లేదు. కొసన ఒకే ఒక్క తెల్లటి పువ్వు.

"మీ చెట్టు ఇంకా బాగా పూసే రోజుల్లోనే దాని పండ్లు పిట్టలు తినకముందే ఏరి, చలికాలమంతా తడి ఇసకలో పెట్టి మొలిపించాను. దానికి తెగులు తట్టుకునే చెట్టు మొగ్గ తెచ్చి అంటుకట్టాను. ఎన్ని ఎండిపోయాయో! పై కొమ్మ పరాయిదే అత్తయ్యా. వేరు మామయ్యది."

వెస్టా వంగి, అంటు అతికిన కణుపుని వేలితో తడిమింది. ఏళ్ళ తరబడి ఈ పిల్ల గూడు వెనక్కి వెళ్తుంటే, కోళ్ళతో ఏం కబుర్లని దెప్పింది తనే కదూ!

"పరాయిదేమిటే! నువ్వూ కొండవతల నుంచి వచ్చి అంటుకున్నదానివేగా. నా నోటి తెగులే తట్టుకున్నావు" అంది, ఆప్రాన్ కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "పాతదాన్ని నువ్వే కొయ్యి, నేను చూడలేను. నాకు మొక్కజొన్న విత్తనాలియ్యి. ఒక్కటైనా పువ్వు పువ్వేగా."

"చలి విసురు రావాలిగా అత్తయ్యా?"

"వచ్చింది. చూడు, ఎలా వణుకుతున్నావో!" అంటూ వెస్టా తన శాలువా తీసి కోడలి భుజాల చుట్టూ కప్పింది.