నలభై అయిదు రోజుల ఎరుపు

ఉదయం తొమ్మిదింటికి శస్త్రశాల వీడ్కోలు గదిలోని పన్నెండు కుర్చీల్లో పన్నెండుమంది కూర్చుని తమ కడుపులు చెప్పేది వింటున్నారు. పిత్తాశయం తీయించుకున్నవాళ్ళు అయిదుగురు, అపెండిక్స్ ముగ్గురు, హెర్నియా ఇద్దరు, గర్భసంచి ఇద్దరు. అందరికీ నిన్న మధ్యాహ్నమే ఆపరేషన్ అయింది. ఒక్కొక్కరి నడుము చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున మాన్పుపట్టీ ఉంది. లోపలి కుట్లు ఎంతవరకు అతికాయో అది చూస్తుంది, పేగుల చప్పుడు వింటుంది. అందులోని నొప్పిమూత నొప్పిని మెదడు దాకా పోనివ్వదు. "రెండు గుక్కలు నీళ్ళు తాగండి", "లేచి ఇరవై అడుగులు నడవండి" అని ఎవరి పట్టీ వాళ్ళ చెవిలో చెబుతూ ఉంటుంది.

ఎస్తేరు రాణి ఆ గదిలో వీడ్కోలు సహాయకురాలు. ఇంటికి వెళ్ళేవాళ్ళను "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడగడం ఆమె ఉద్యోగం. ఎవరికీ ఉండవు. ఇరవై ఆరేళ్ళ కిందట నర్సుగా చేరినప్పుడు మాత్రం ఆమె మంచం మంచానికీ తిరిగి, నోరు నొప్పెట్టేలా చెప్పేది. కడుపులోకి ఎక్కించిన గాలి వల్ల రెండు రోజులు భుజం లాగుతుంది, కంగారు పడకండి. గ్యాస్ పోయాకే ఇడ్లీ. దగ్గు వస్తే దిండు కడుపుకు అదుముకుని దగ్గండి. విరేచనానికి ముక్కొద్దు. పై చర్మం వారంలో అతుక్కుంటుంది గానీ లోపలి పొరకు ఆరు వారాలు పడుతుంది, బిందె ముట్టుకున్నారంటే నా చేతిలో అయిపోతారు. ఈ చివరి ముక్క ఆమె సొంతం, ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు ఎన్ని రోజులు పడుకోవాలో గణకం అనే లెక్కల యంత్రం రోగి చేసే పనిని బట్టి తేల్చి పట్టీకి చెబుతుంది. పట్టీ ఎర్రగా ఉన్నన్నాళ్ళు విశ్రాంతి, పచ్చబడితే విశ్రాంతి అయిపోయినట్టు. యజమానులు దాన్నే నమ్ముతారు, బడులు దాన్నే నమ్ముతాయి, కాపురాలూ దాన్నే నమ్ముతాయి. డాక్టరును బతిమాలి సెలవు చీటీ రాయించుకునే రోజులు పోయాయని అందరూ సంతోషించారు. ఎస్తేరు కూడా కొన్నాళ్ళు సంతోషించింది.

ఆ ఉదయం పదమూడో మనిషి వచ్చింది. పేరిందేవి, ముప్ఫై నాలుగేళ్ళు. బొడ్డు దగ్గర హెర్నియాకు వల వేసి కుట్టి తొమ్మిది రోజులైంది. పట్టీ పచ్చగా వెలుగుతోంది. చీర పక్కకు జరిపి చూస్తే బొడ్డు పైన నిమ్మకాయంత ఉబ్బు.

"మీ మిషను పని మిషను పనిలాగా లేదు సిస్టరమ్మా" అన్నాడు ఆమె భర్త మాల్యాద్రి. శీతల గిడ్డంగిలో హమాలీ అతను. "పోయినేడు నాక్కూడా గజ్జల్లో ఇదే ఆపరేషను జేసినారు. రాయిలాగుండా. దీనికేంది మళ్ళా వచ్చింది?"

"నీకు పట్టీ ఎన్నాళ్ళు ఎర్రగా ఉందయ్యా?"

"నలభై అయిదు రోజులు. మంచం దిగనీలా."

"ఈమెకు?"

"మూడు. నాలుగోనాటికి పచ్చబడింది. బాగైపోయిందనుకున్నాం."

ఎస్తేరు పేరిందేవి పత్రం తెరిచింది. వృత్తి: లేదు. మోసే బరువు: లేదు. విశ్రాంతి: మూడు రోజులు. ఆ పక్కనే ఒక గమనిక కూడా ఉంది, పచ్చబడ్డాక పదోరోజు వరకు నొప్పిమూత పనిచేస్తూనే ఉంటుందని.

"పట్టీ కట్టేముందు గణకం నిన్ను పని గురించి అడిగింది గదా. ఏం చెప్పావమ్మా?"

"ఏం చెప్పేది? ఏం పని లేదు, ఇంట్లోనే ఉంటానని చెప్పినా" అంది పేరిందేవి. ఆమె అబద్ధమాడలేదు. వాళ్ళమ్మనడిగినా, వీధిలో ఏ ఆడమనిషినడిగినా ఆ మాటే చెబుతారు.

"నీళ్ళెవరు తెస్తారు?"

"నేనే. బోరుల్లో ఉప్పు పడ్డాక నీళ్ళబండే గదా మాకు. వీధి చివరాపుతారు. ఇరవై లీటర్ల డబ్బాలు, పొద్దున అయిదు దెస్తా, సాయంత్రం నాలుగు దెస్తా. మూడో అంతస్తు మాది."

"నాలుగోనాటి నుంచీ మోశావా?"

"పట్టీ పచ్చగా ఉండె గదా సిస్టరమ్మా. నొప్పి గూడా లేకపాయె."

ఎస్తేరుకు ఒళ్ళు మండిపోయింది. నొప్పి ఉంటే మొదటి డబ్బాతోనే ఈమె మెట్ల మీద కూలబడేది. ఇంత తెలివి గల యంత్రానికి ఆ నొప్పి నోరు మూయించడం చేతనైంది గానీ, ఇంట్లో ఉండే మనిషి ఏం మోస్తుందో అడగడం చేతకాలేదు. ఇక ఎదురుగా నిలబడ్డ మాల్యాద్రి గిడ్డంగిలో ఒంటితో మోసేది ఏమీ లేదు. హమాలీలందరికీ మోతకవచాలిచ్చి పదేళ్ళయింది, బస్తా బరువంతా ఉక్కు చట్రం మీదే పడుతుంది. ఆ చట్రంలో నిలబడ్డవాడికి నలభై అయిదు రోజులు. డబ్బాను నడుము మీద పెట్టుకుని మూడంతస్తులెక్కే మనిషికి మూడు.

"నువ్వు తేవచ్చు గదయ్యా ఆ నీళ్ళు" అంది ఎస్తేరు.

"నేనా? నాకు డ్యూటీ ఉంటది గదమ్మా" అన్నాడు అతను, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆమె పక్క గదిలోకి పోయి అతని మొహం మీదే తలుపు వేసి, మాటద్దం ముందు కూర్చుని జిల్లా గణకాధికారిని పిలిచింది. అద్దంలో కనిపించిన శ్రీముఖలింగం చాలా మర్యాదస్థుడు. ఆమె చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు.

"గణకం తప్పు చేయలేదు మేడమ్. జాబితాలో ఆరు వందల పద్నాలుగు వృత్తులున్నాయి. ఇంటి పనికి నిర్ణీత గంటలు లేవు, బరువుల నమోదు లేదు. కొలత లేనిదాన్ని లెక్కలోకి తీసుకోవడం కుదరదు."

"ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు సర్. దీనికి గణకం ఎందుకు, మూడో తరగతి పిల్లాణ్ణడిగినా చెబుతాడు."

"మీ ఆవేదన అర్థమైంది. వచ్చే సవరణకు ప్రతిపాదన పంపండి."

"వచ్చే సవరణ ఎప్పుడు?"

"రెండేళ్ళకు."

"రెండేళ్ళ దాకా వీళ్ళ కడుపులు ఇట్లా చిరుగుతూ ఉండాలన్నమాట" అంటూ ఆమె అద్దం ఆర్పేసింది.

మర్నాడు పేరిందేవికి రెండోసారి వల వేసి కుట్టారు. పత్రంలో వృత్తి దగ్గర ఎస్తేరు తన చేత్తోనే 'హమాలీ' అని రాసింది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది. గణకం ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నలభై అయిదు రోజులిచ్చింది. పైగా హమాలీల పట్టీకి ఒక కట్టుదిట్టం ఉంది. అయిదు కిలోలు దాటి ఎత్తితే కూత పెడుతుంది, వార్డు కార్యాలయానికి కబురు పోతుంది, కుటుంబ పెద్దను పిలిపించి సంజాయిషీ అడుగుతారు. పేరిందేవి బరువెత్తాలనుకున్నా ఎత్తలేదు. ఎవరూ ఎత్తమనలేరు.

ఇన్నేళ్ళ నౌకరీలో ఇంత తృప్తిగా ఆమె ఏ పత్రమూ రాయలేదు.

ఇళ్ళకు వెళ్ళి చూడటం ఇప్పుడు ఎవరి విధీ కాదు. అయినా ఇరవయ్యో రోజు సాయంత్రం నాలుగింటికి ఎస్తేరు వాళ్ళ మేడ వెతుక్కుంటూ వెళ్ళింది. పేరిందేవి మంచం మీద కూర్చుని ఉంది. మొహం నిండుగా తేరుకుంది. బొడ్డు దగ్గర చెయ్యి పెట్టి దగ్గమంటే దగ్గింది, ఉబ్బు లేదు, కుట్టు గట్టిగా ఉంది.

"ఇరవై రోజులు ఊరికే కూచోనుండా సిస్టరమ్మా. పెళ్ళైన కాడ్నించి ఎప్పుడూ ఎరగను. మొదట్లో చేతులు ఏం జేసుకోవాల్నో తెలవలా" అంది ఆమె. అని, తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అయితే నాకు నిద్ర పట్టడంల్యా."

ఎందుకని ఎస్తేరు అడగబోతుండగానే మెట్ల మీద ఆయాసం వినిపించింది. మాల్యాద్రి తల్లి చెంచమ్మ, అరవై మూడేళ్ళ మనిషి, నీళ్ళ డబ్బా నడుము మీద పెట్టుకుని ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ పైకొస్తోంది. ఒక చెయ్యి డబ్బాకు, ఒక చెయ్యి గోడకు. మాల్యాద్రి డ్యూటీ దిగి వచ్చి, ఎదుటి గదిలో కాళ్ళు చాపుకుని తెర చూస్తున్నాడు.

పేరిందేవి ఉండబట్టలేక లేచి వెళ్ళి అత్త చేతిలోని డబ్బా పట్టుకుంది. పట్టీ వెంటనే కూత పెట్టింది. చెవులు చిల్లులు పడే ఆ కూతకు మాల్యాద్రి పరిగెత్తుకొచ్చి భార్య చెయ్యి విడిపించాడు. డబ్బాను మాత్రం తల్లి చేతిలోనే వదిలేశాడు.

"నీకేమన్నా పిచ్చా? వార్డు ఆఫీసోళ్ళు నన్నడుగుతారు" అన్నాడు పేరిందేవితో.

ఎస్తేరు డబ్బాను లాక్కుని నేల మీద పెట్టింది.

"నీ భార్య మోయకూడదంటే నీ తల్లి చేత మోయిస్తావా? చట్రం లేకుండా నీళ్ళ డబ్బా కూడా లేవదా నీకు? సిగ్గుండాలి మాల్యాద్రీ."

"నేనేం మోయించలా. ఆమే మోసుకొస్తాంది. అడగండి" అన్నాడు అతను. అతని గొంతులో దాపరికం లేదు. తను తప్పు చేశానని అతనికి అసలు తోచలేదు. ఎస్తేరు అంతకంటే ఘోరం ఏదీ ఊహించలేకపోయింది. పత్రంలో ఒక్క మాట మార్చి తను ఒక మనిషికి విశ్రాంతి ఇచ్చాననుకుంది. ఆ విశ్రాంతి ఈ ముసలి నడుము లోంచి వచ్చింది. ఈ గణకం ఎన్ని వందల వృత్తులు చేర్చుకున్నా, ఒక ఇంటి బరువు ఒక ఆడమనిషి మీద నుంచి దిగితే ఇంకో ఆడమనిషి మీదికే ఎక్కుతుందని దానికెవరు చెబుతారు?

చెంచమ్మ గోడకు చేరగిలబడి కాసేపు ఊపిరి తీసుకుంది. కొడుకు మళ్ళీ తెర ముందుకు పోయేదాకా ఆగి, ఎస్తేరు కొంగు పట్టుకుని వసారాలోకి తీసుకుపోయింది.

"అమ్మా, నిన్నొక మాటడగాల. తప్పుగా అనుకోబాక."

"చెప్పు పెద్దమ్మా. కడుపులో నొప్పొస్తాందా?"

"నొప్పేం లేదు. నాకు గూడా ఆపరేషను జేస్తారా?"

"దేనికి?"

"దేనికైనా సరే. గర్భసంచి ఉంటది గదా, ఇంకెందుకది నాకు? లేకపోతే ఆ పిత్తాశయమో ఏందో, పక్కింటామెకు తీసినారే, అదన్నా తియ్యండి." ఆమె బిడియంగా నవ్వింది. "మా కోడలికి రాసినట్టే రాయమ్మా. నేనూ ఆ ఎర్రది కట్టుకుని నలభై అయిదు రోజులు కూచుంటా."

ఒంట్లో ఏ రోగమూ లేని మనిషి, కాసేపు కూర్చోవడం కోసం కడుపు కోయమంటోంది. యంత్రాన్ని తిట్టాలో, ఇంట్లో తెర చూస్తున్నవాణ్ణి తిట్టాలో, హమాలీ అని రాసిన తన చేతినే నరుక్కోవాలో ఆమెకు తెలియలేదు. ఏదో ఒకటి చెప్పాలని చెంచమ్మ చెయ్యి పట్టుకుని తల తిప్పింది.

మెట్ల మీద మరో ముగ్గురు ఆడవాళ్ళు, ఆ మాటలు విని తమ డబ్బాలు దించుకుని, ఆమె ఏం చెబుతుందోనని నిలబడి ఉన్నారు.