సొరంగంలో మిగిలిన రెండు

రిటైరైతే మొగుడికి రైళ్ళ పిచ్చి వదులుతుందని ఆశపడటం స్టేషన్ మాస్టరు గారి భార్య అమాయకత్వం. భోజనాల బల్లని బొమ్మరైలు పట్టాలు ఆక్రమించి ఏడాదైంది. "రైళ్ళేమో దర్జాగా బల్ల మీద, మనమేమో నేల మీద" అని ఆవిడ రోజూ దెప్పుతుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

బల్ల మీద అరచేతంత స్టేషను, అట్టముక్కలతో కట్టిన కొండ, కొండ కింద మూరెడు సొరంగం. ఆ మధ్యాహ్నం సొరంగానికి సిగ్నల్ బిగించాడు. దానంతట అదే మారే రకం. రెండు మూతుల దగ్గరా సెన్సర్లు పెట్టాడు. ఇరుసు ఒకటి దాటినప్పుడల్లా పక్కనున్న సిగ్నల్ డబ్బాలో రిలే స్విచ్చి టక్‌మంటుంది. లోపలికెళితే డబ్బా మీద అంకె పెరుగుతుంది, బయటికొస్తే తగ్గుతుంది. సున్నా అయితే పచ్చ, కాకపోతే ఎరుపు. ఎండకి సెన్సర్లు తికమకపడతాయని తలుపూ కిటికీలూ మూసి, మందపాటి తెరలు దించాడు. పట్టపగలే గది కటిక చీకటైంది.

ఇంజనూ ఐదు పెట్టెలూ కలిపి ఇరవైనాలుగు ఇరుసులు. అన్నీ వెళ్ళాయి, అన్నీ వచ్చాయి. పచ్చ వెలిగింది. తనకి తనే చప్పట్లు కొట్టుకుని, రైలుని స్టేషన్లో ఆపాడు.

టక్. టక్.

రైలు కదల్లేదు. సొరంగం అంకె మాత్రం రెండు చూపిస్తోంది. ఎరుపు.

"దీని దుంపతెగ!" అని రీసెట్ బటన్ నొక్కాడు. సున్నా అయింది. కాసేపటికి మళ్ళీ రెండు టక్‌లు. సెన్సర్లు తుడిచాడు, వైర్లు బిగించాడు, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ రెండే. ఒకటి కాదు, మూడు కాదు. మూడోసారి బటన్ దాకా వెళ్ళిన వేలు అక్కడే ఆగిపోయింది.

రెండు ఇరుసులు. లైను చూసే కీమాన్ తోసుకెళ్ళే ట్రాలీకి ఉండేవి రెండే.

ఇరవై ఏళ్ళ కిందట నిజం స్టేషన్లో, నిజం సొరంగం కూడా ఇలాగే రెండు చూపించింది. మనిషిని పంపి, లోపల ఎవరూ లేరని ఖాయం చేసుకున్నాకే రీసెట్ నొక్కాలి. కానీ జోరున వాన. ఆ మిషను అప్పటికే వారంలో నాలుగుసార్లు మొరాయించింది. ఎక్స్‌ప్రెస్ బయట నిలబడి కూత మీద కూత పెడుతోంది. నొక్కేశాడు. పచ్చ ఇచ్చాడు. ఎప్పుడూ నీళ్ళు కారే ఆ సొరంగంలో కీమాన్ ట్రాలీతో ఉన్నాడు. విచారణలో మాస్టరు ఒకటే మాట మీద నిలబడ్డాడు. "మనిషిని పంపి చూపించాకే నొక్కాను సార్. అతనే ఆ తర్వాత చెప్పకుండా లోపలికెళ్ళాడు." తప్పంతా పోయినవాడి నెత్తిన పడింది. అసలు సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు.

ఈసారైనా చూడాలి.

టార్చి తీసుకుని బల్ల మీదికి వంగి, సొరంగం మూతికి కన్ను ఆనించాడు. అట్టగోడలు. జిగురు మరకలు. ఎవరూ లేరు... హమ్మయ్య అనుకోబోతుంటే చల్లగాలి కంటికి తగిలింది. తడిరాళ్ళ వాసన. కిరసనాయిలు వాసన. లోపలెక్కడో... మూరెడు సొరంగంలో ఉండకూడనంత దూరంలో... నీటిబొట్టు పడ్డ చప్పుడు.

"తమ్ముడూ..." సొరంగంలోకి ఆ కీమాన్‌ని పిలిచాడు. "నేను చూడలేదురా. ఎవర్నీ పంపలేదు. చూడకుండానే నొక్కాను."

చెవి మూతికి ఆనించాడు.

టక్. అంకె ఒకటి.

టక్. సున్నా.

పచ్చ వెలిగింది. ఆయనకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ బరువు దిగిందనిపించింది. కళ్ళు తుడుచుకుంటుంటే అప్పుడు తట్టింది... సున్నా అంటే లోపలున్నది బయటికొచ్చిందని.

తలుపు తెరుచుకుంది. ఉలిక్కిపడి తిరిగాడు. టీ కప్పుతో భార్య.

"ఎవరండీ ఆయన? వంటింటి గుమ్మంలో తడిసి ముద్దై నిలబడ్డాడు. 'మాస్టారు ఆరోజు చూశారా అమ్మా? మీకు చెప్పారా?' అంటాడు. టవల్ తెచ్చేలోపు మనిషి లేడు. ఏం చూడాలండీ? ఏం చెప్పాలి నాకు?"

ఆయన నోరు తెరిచాడు. ముప్పై ఐదేళ్ళుగా తనని నమ్మిన ముఖం ఎదురుగా ఉంది. ధైర్యం చాల్లేదు.

"ఏమో... నాకేం తెలీదు" అన్నాడు.

టక్. టక్.

ఆవిడ చెంప మీద ఎర్రటి వెలుగు పడింది. రైలు స్టేషన్లో ఆగినచోటే ఉంది.

టక్. టక్. టక్. టక్...

సొరంగంలో ఎక్కడో దూరంగా ఎక్స్‌ప్రెస్ కూత. ఈసారి అంకె రెండు దగ్గర ఆగలేదు.