బెట్ట పెట్టిన చీనీచెట్లు

“ఈ చెట్టుకు నీళ్లు పోసిందెవరప్పా?”

శరత్‌చంద్ర చేతిలో బిందె ఉంది. దాచుకునే చోటే లేదు.

జమ్మలమడుగు దగ్గర కొండవాలు మీద నవాబుల నాటి తోట అది. కూలిన రాతికట్టలను మళ్లీ పేర్పించే ఇంజనీరు శరత్. ప్రొద్దుటూరు బట్టల కొట్టు వాళ్లబ్బాయి. అడిగింది భవ్య. పులివెందుల చీనీతోటల మధ్య, అంటే బత్తాయి తోటల మధ్య, పెరిగిన పిల్ల. ఇక్కడి చెట్ల బాధ్యతంతా ఆమెదే.

“నేనే. నువ్వు ఊరికి పోయినప్పటి నుంచి ఆకులు వేలాడేసినాయి. చూడలేకపోయినా.”

“బెట్ట పెట్టిండాను సామీ. చలికాలంలో నీళ్లు ఆపి మాడిస్తేనే చీనీచెట్టు విరగబూసేది. మా ఊర్లో ఎవర్నడిగినా చెప్తారు.”

“నన్నడిగితే పట్టుచీర మడత చెప్తా.”

భవ్య నవ్వలేదు. శరత్‌కు అప్పుడు భయం వేసింది.

“శివరాత్రి లోపల పూత రాకపోతే ఈ ముసలి చెట్లు పీకి పచ్చిక పరుస్తామన్నారు ఆఫీసోళ్లు. ఎన్నిటికి పోసినావు?”

“ఈ ఒక్కదానికే. నువ్వు కూచునేది దీని నీడలోనే కదా.”

భవ్య తల వంచి చెప్పుతో మట్టి గీకింది.

నెల తిరిగేసరికి చెట్లకు ఎరువేసి నీళ్లు వదిలింది. కొన్నాళ్లకు కొమ్మ కొమ్మకూ తెల్లటి మొగ్గలు. ఆ వాసనకు రాళ్లెత్తే కూలీలు కూడా పని ఆపి గాలి పీల్చారు.

ఆఫీసరు వచ్చి తోటంతా తిరిగి తృప్తిపడ్డాడు. ఒక్క చెట్టు దగ్గర ఆగాడు.

“దీనికి ఆకే ఉంది, పూత లేదే. తీసేద్దామా?”

“తప్పు నాది సార్,” అన్నాడు శరత్ అందరి ముందూ. “తెలీక నీళ్లు పోసి చెడగొట్టినా. చెట్టుకేం రోగం లేదు.”

“వచ్చే ఏడు పూస్తాదని పూచీ ఎవరు?”

“నేను,” అన్నారు ఇద్దరూ.

ఆఫీసరు ఇద్దరినీ చూసి, “సరే, ఉండనీ” అని జీపెక్కాడు.

“వచ్చే చలికాలానికి నీ కట్టలపని అయిపోతాది,” అంది భవ్య. “ప్రొద్దుటూర్లో కూచోని ఏం పూచీ పడతావు?”

“అందుకే ఆదివారం మా అమ్మను మీ ఇంటికి పిల్చుకొస్తాండా.”

“మా తోట చూసేదానికా?”

“తోట మీ నాయన చూపిస్తాడులే. కాఫీ మటుకు నువ్వియ్యి.”

భవ్య ఆ పూయని చెట్టు ఆకు ఒకటి తుంచి వాసన చూసింది.

“మీ అమ్మకు చక్కెర ఎంత వేయాల?” అనడిగింది, మెల్లగా.