చచ్చినవి ఎవరి ఆల్చిప్పలు?

అబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైనున్న డిటెక్టివ్ కమలకుమారి ఆఫీసుకు వైశాలి తడిచేతులతోనే వచ్చింది.

"నా ఆల్చిప్పలు చచ్చిపోయినయి మేడం. ఎవరో చంపిన్రు."

అసిస్టెంటు వెంకటేశం పెన్ను తీసి, హత్య అని రాయాలా వద్దా అని ఆగాడు.

నాంపల్లిలో ఒక కంపెనీ ఉప్పునీటి తొట్లలో ఆల్చిప్పలు పెంచుతోంది. తరతరానికీ రోగాన్ని తట్టుకున్నవాటినే ఏరి వైశాలి ఒక వంశాన్ని తయారుచేసింది. త్వరగా పెరిగేవాటిని ఏరి అహల్య మరో వంశాన్ని తయారుచేసింది. రేపు యజమాని ఒకదాన్నే ఉంచుతాడు, రెండోది చెత్తలోకి పోతుంది. ఎవరివో తెలియడానికి ఒక్కోదానికీ నంబరు చీటీ అతికిస్తారు. ఈ పొద్దున నోళ్లు తెరిచి చచ్చిపడినవన్నీ వైశాలి నంబర్లవే.

"రోగానికి చావనివి ఎట్ల చస్తయి? నీళ్లల్ల ఏదో కలిపిన్రు."

వాళ్లు నాంపల్లి చేరేసరికి తొట్ల దగ్గర వైశాలి భర్త వంశీధర్ ఉన్నాడు.

"నిన్న సాయంత్రం మీరిక్కడికి వచ్చారట?" అంది కమలకుమారి.

"ఔ మేడం. పెండ్లిరోజు. ఈమె వీటికి పాచి తినిపించుకుంట కూసుంది. నేనొక్కణ్ణే బిర్యానీ తిన్న."

"చిప్పల మీద కోపం వచ్చిందా?"

"చిప్పల మీద కోపమేంది మేడం." కాసేపాగి, "జర వచ్చింది," అన్నాడు.

అహల్య కళ్లు ఒత్తుకుంది. "పొద్దున ముందు చూసింది నేనేనండి. ఆవిడవి రెండేళ్లవి. నావి ఏడాదికే అంతయ్యాయి. అయినా పొగడ్తలన్నీ ఆవిడకే."

"ఈదే పిల్లలు ఎక్కడో అతుక్కుంటేనే కదా ఆల్చిప్పలయ్యేది? మీరు దేనికి అతికిస్తారు?"

"నేను ఇంటికప్పు పెంకు ముక్కలకండి. ఆవిడ చిప్పల నలుసులకి. పెద్దయ్యాక ఊడదీస్తాం."

కమలకుమారి చచ్చినవాటిని, తరువాత అహల్య తొట్టిలో బతికున్నవాటిని బోర్లించి చూసింది. అందరినీ పిలిచింది.

"నీళ్లలో ఎవరూ ఏమీ కలపలేదు. ఇవి రోగంతోనే చచ్చాయి. కానీ వైశాలివి కావు."

వెంకటేశం వంశీధర్ మీదున్న చూపును అయిష్టంగానే తిప్పుకున్నాడు.

"నంబరు పైచిప్ప మీద ఉంటుంది, అందరూ చూసేది అదే. పసితనంలో అతుక్కున్న మచ్చ కిందిచిప్ప మీద మిగులుతుంది. చచ్చినవాటి మచ్చలు పెంకులా నున్నగా ఉన్నాయి. అహల్య నంబర్లతో బతికున్నవాటిలో చాలావాటివి నలుసుల్లా గరుకుగా ఉన్నాయి. నంబర్లు మార్చాలంటే ఏవి చచ్చాయో ముందు చూసి ఉండాలి. వంశీధర్ గారు నిన్ననే వెళ్లిపోయారు. పొద్దున ముందు చూసింది అహల్య."

అహల్య చచ్చిన చిప్పనొకదాన్ని చేతిలోకి తీసుకుంది. "నావి చచ్చి, ఆవిడవి హాయిగా తింటుంటే చూడలేకపోయానండి."

వైశాలి ఆమె చేతిలోంచి ఆ చిప్పను తీసుకుంది.

"నీవి జల్ది పెరుగుతుంటే నాకు మాత్రం నిద్రపట్టిందా అహల్యా? నీవాట్ల మిగిలినయి ఎన్నున్నా తీస్కరా. పారేసేలోపు నావాటితోని కలిపి పిల్లల్ని తీద్దాం. పెరిగే గుణం నీది, బతికే గుణం నాది. ముందుగాల నంబర్లు సరిజెయ్యి."

అహల్య జిగురు సీసా అందుకుంది. వంశీధర్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంటికెప్పుడొస్తవ్?"

"ఇవి గుడ్లు పెట్టినాంక."

వంశీధర్ తొట్టివైపు సవతిని చూసినట్టు చూశాడు.