గుమ్మం దగ్గర ఆగని అమ్మ

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఆమె మూడు కార్డులు చింపి బుట్టలో పడేసింది.

చేతకాక కాదు. ఆ వీధిలో ఎవరింట్లో పుట్టినరోజైనా, పెళ్ళిరోజైనా కార్డు చేసిచ్చేది ఆమే. విప్పితే పువ్వులు లేచి నిలబడతాయి. అట్ట పట్టీ లాగితే కిటికీలోంచి పిల్లి తొంగిచూస్తుంది. పిల్లలు ఆమెను కార్డుల పిన్ని అంటారు. మనం మాత్రం చెల్లెలు అనుకుందాం, ఎందుకంటే ఆ రోజు ఆమె బాధంతా అక్క గురించే.

అక్క ఆమెతో మాట్లాడి ఏడాదిన్నర అయింది. మొన్న గురువారం ఉన్నట్టుండి ఫోన్ చేసి, "ఆదివారం ఆరింటికి వస్తా. ఏడున్నర బస్సుకి వెళ్ళిపోవాలి" అంది. బాగున్నావా అని కూడా అడక్కుండా పెట్టేసింది. ఆ రెండు ముక్కలకే చెల్లెలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమెకు నోటితో క్షమించమని అడగడం చిన్నప్పట్నుంచీ రాదు, చేత్తో ఏదైనా చేసివ్వమంటే మాత్రం ప్రాణం పెట్టి చేస్తుంది. అందుకే ఈ కార్డు.

చిన్నప్పుడు వాళ్ళున్న అద్దెయిల్లు, దానికి నీలం రంగు తలుపు. కింద ఉన్న పట్టీ లాగితే తలుపు తెరుచుకోవాలి, లోపల్నుంచి అమ్మ బొమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగాలి. బడి నుంచి రాగానే రోజూ అలాగే వచ్చి నిలబడేది అమ్మ. పని చూస్తే అంతే. కానీ ఆ రోజు ఏ ముహూర్తాన మొదలుపెట్టిందో, ఒక్కటీ కుదరలేదు. మొదటి కార్డులో పట్టీ చిరిగింది. రెండోదాంట్లో జిగురు పొంగి అమ్మ తలుపుకి అతుక్కుపోయింది. మూడోదాంట్లో పట్టీ సగం దాకా వచ్చి మొరాయించింది. గట్టిగా లాగితే కార్డు కార్డంతా వంకర తిరిగింది. కట్టర్ జారి బొటనవేలు తెగింది. ఆమెకు ఒళ్ళు మండిపోయి, స్కేలు తీసి గోడకేసి కొట్టింది.

లోపం ఎక్కడుందో ఆమెకు తెలుసు. పట్టీకి సరైన అట్ట లేదు. దుకాణంలో దొరికే అట్టలు ఒకటి మెత్తన, ఇంకోటి మొద్దు. ఆమె పట్టీలన్నీ మందుల పెట్టెల అట్టతోనే చేసేది. పల్చగా, బిరుసుగా, నున్నగా ఉంటుంది, కార్డులో కోసిన గాడిలో వెన్నలా జారుతుంది. అమ్మకు జబ్బు చేశాక ఇంట్లో అలాంటి పెట్టెలకు కొదవ లేకపోయింది. అమ్మ పోయాక ఉన్నవన్నీ వాడేసింది. ఇప్పుడు ఇంట్లో ఒక్కటే మిగిలింది.

అది అమ్మ గదిలో, బీరువా అడుగున, పాత దుప్పటి మడతల్లో ఉంది. అక్కడ దాచింది ఆమే.

అసలు గొడవ అదే. అక్క నర్సు. అమ్మకు ఆయాసం వచ్చినప్పుడు నాలుక కింద పెట్టమని ఆ మాత్రలు తనే తెచ్చిచ్చి, పదిసార్లు చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రం అమ్మ గదిలోంచి పిలిచింది. చెల్లెలు నలభై కార్డుల పనిలో ఉంది, చేతినిండా జిగురు. "ఒక్క నిమిషం అమ్మా, ఆరిపోతుంది" అంది. అమ్మ మళ్ళీ పిలిచింది. "అబ్బ, వస్తున్నానుగా!" అని విసుక్కుంది. ఆమె లేచి వెళ్ళేసరికి అరగంట అయింది. అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, ఊపిరి మాత్రం లేదు. అక్క వచ్చి మొట్టమొదట అడిగిన మాట, "మాత్ర ఇచ్చావా?" "ఇచ్చాను" అంది చెల్లెలు. "పెట్టె చూపించు." "పారేశాను." అక్క ఆమె మొహంలోకి చూసి, ఇంకేం మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

సీలైనా తియ్యని ఆ పెట్టెను పారెయ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు, ఎవరికీ చూపించడానికి ధైర్యమూ లేదు. ఇప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు నిలబడింది. గదిలో ఇంకా అమ్మ కాలికి రాసుకునే నొప్పుల మందు వాసన వేస్తోంది. ఏడాదిన్నరగా కిటికీ తెరిచే ఉంచుతున్నా ఆ వాసన పోలేదు. 'అక్క రాకముందే ఇది కూడా ఇంట్లో లేకుండా పోతుంది, నా పనీ అవుతుంది' అనుకుంది. అనుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. అయినా సీలు చింపి, మాత్రలు చెత్తలో పోసి, అట్టను కత్తిరించింది. అచ్చు ఉన్న వైపు లోపలికి తిప్పి, పైన తెల్ల కాగితం అంటించింది.

పట్టీ మొదటిసారే చక్కగా జారింది. సర్ర్... తలుపు తెరుచుకుంది. అమ్మ వచ్చి గుమ్మంలో ఆగింది. చెల్లెలు అమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.

ఏ కార్డునైనా పదిసార్లు లాగి చూడందే ఆమె చేతిలోంచి వదలదు. పుచ్చుకున్నవాళ్ళ ముందు పట్టీ మొరాయిస్తే తల కొట్టేసినట్టుంటుంది ఆమెకు. రెండు, మూడు, బాగానే ఉంది. నాలుగోసారి అమ్మ గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"ఇదొకటా మళ్ళీ!" అంది పైకే. అమ్మను గుమ్మంలో ఆపడానికి అడ్డుగా అంటించిన ముక్క ఊడిందనుకుంది, కానీ అది ఉన్నచోటే ఉంది. స్కేలు పెట్టి గాడి కొలిచింది. మూడు సెంటీమీటర్లు కోసింది, మూడున్నర ఉంది. తొందరలో తప్పు కోశాననుకుని అరసెంటీమీటరు మేర కాగితం అంటించి మూసింది. అయిదోసారి లాగింది. అమ్మ మెట్టు దిగింది. కొలిస్తే నాలుగున్నర.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, గుమ్మం దగ్గర ఆగవే తల్లీ" అని గొణిగింది. విసుగులో అన్న మాటే అది. అంటుంటే తన గొంతు తనకే నచ్చలేదు.

ఆరోసారి. సర్ర్... అమ్మ వాకిలి దాకా వచ్చేసింది. చెల్లెలు పట్టీ వదిలేసింది.

సర్ర్...

పట్టీ కదల్లేదు. ఆమె చెయ్యి దాని మీద లేనే లేదు. చప్పుడు మాత్రం వచ్చింది. కార్డులోంచి కాదు... వెనక, అమ్మ గదిలోంచి. చివరి రోజుల్లో అమ్మకు ఎడమ కాలు సరిగా లేచేది కాదు. చెప్పు నేలకు రాసుకుంటూ నడిచేది. ఆ చప్పుడు ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. కూర్చున్నచోటే బిగుసుకుపోయి వింది. మళ్ళీ రాలేదు. కిటికీ తెరిచి ఉంది కదా, గాలికి ఏ కాగితమో కదిలి ఉంటుందని తనకు తనే నచ్చజెప్పుకుంది.

టైము అయిదుంపావు. భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది ఆమెకు. ఏడాదిన్నర తరవాత అక్క వస్తుంటే, అమ్మ బతుకంతా చేసిన పని, గుమ్మంలో ఆగడం, ఈ ఒక్క రోజు చెయ్యనంటుందా? ఆమెకు ఏడుపొచ్చింది, తుడుచుకుంది. అమ్మ బొమ్మ కదిలే గాడిని పూర్తిగా మూసేసింది. అమ్మను నడిపించే ఆలోచనే మానుకుని, బొమ్మ పాదాలు రెండూ గుమ్మానికి జిగురుతో అంటించేసింది. తలుపు తెరుచుకుంటే అమ్మ కనపడుతుంది, అది చాలు. ఆరనిద్దామని కార్డును బల్ల మధ్యలో పెట్టి, మొహం కడుక్కుందామని లేచింది.

అప్పుడే కరెంటు పోయింది.

బయట మబ్బు పట్టి ఉంది. హాల్లో బల్ల, కుర్చీ, బుట్టలో చిరిగిన కార్డులు మసగ్గా కనపడుతున్నాయి. నొప్పుల మందు వాసన... గదిలో ఉండాల్సింది. ఇప్పుడు హాల్లో వేస్తోంది.

సర్ర్...

ఈసారి బల్ల మీద. ఆమె చూస్తూనే ఉంది. నీలం తలుపు తెరుచుకుంది. ఎవరూ లాగలేదు. గుమ్మం మీద అమ్మ లేదు. దగ్గరికి వెళ్ళింది. వంగి చూసింది. గుమ్మానికి రెండు పాదాలు మాత్రం అతుక్కుని ఉన్నాయి. చీలమండల దగ్గర చిరిగి... అంచులు నూగునూగుగా... బొమ్మ కార్డు చివర నిలబడి ఉంది. ఇంకొక్క అడుగేస్తే బల్ల.

"అమ్మా...?"

చెయ్యి చాపింది. ముట్టుకోలేదు. ముట్టుకోలేకపోయింది.

వీధి తలుపు ఎవరో కొట్టారు.

అక్క. చేతిలో గొడుగు, భుజాన సంచి, మొహంలో ప్రయాణం అలసట. "ఏమే, చీకట్లో కూర్చున్నావు?" అంది. ఏడాదిన్నర తరవాత ఎదురుగా నిలబడి అన్న మొదటి మాట అది. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. అక్క విడిపించుకోలేదు. సెల్‌ఫోన్ లైటు వేసుకుని నేరుగా బల్ల దగ్గరికి నడిచి, కార్డు తీసుకుంది.

"అక్కా, అది ఇంకా..." అనేలోపే పట్టీ లాగేసింది.

తలుపు తెరుచుకుంది. అమ్మ లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. బుద్ధిగా, రెండు కాళ్ళతో. గాడి మూసిన ఆనవాలు కూడా లేదు.

చెల్లెలు కుర్చీలో కూలబడింది. అక్క మాత్రం మళ్ళీ లాగింది, మళ్ళీ లాగింది, నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "నేనే తొందరపడ్డాను. రోజూ ఎంతమంది చావులు చూస్తాను నేను! అమ్మ దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరి మీద తప్పు వెయ్యాలనిపించింది. నువ్వు మాత్ర ఇచ్చే ఉంటావు. ఇచ్చావు కదే?" అంది.

చెప్పెయ్యాలనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ అక్క చెయ్యి తన తల మీద ఉంది, ఎన్నాళ్ళకో. ఆ చెయ్యి తీసేస్తుందేమోనన్న భయం, ఇందాకటి భయం కంటే పెద్దదైపోయింది.

"ఇచ్చానక్కా" అంది.

అక్క తల ఊపింది. కార్డు సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది. వచ్చే నెల నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తానంది. ఏడుంపావుకి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. చెల్లెలు వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఏడాదిన్నరగా కోరుకున్నది దొరికింది. మరి సంతోషం ఎందుకు రావడం లేదో ఆమెకు తెలిసే కూర్చుంది. కరెంటు ఇంకా రాలేదు. బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"బస్సులో లైటుంది, మళ్ళీ తీసి చూస్తున్నానే" అంది అక్క, చిన్నపిల్లలా. "ఇందాక గమనించనే లేదు. వెనక ఇంకో తలుపు కూడా పెట్టావుగా!"

"ఇంకో తలుపేంటక్కా? ఒకటేగా చేశాను."

"చాల్లే. పట్టీ ఇంకా లాగితే తెరుచుకుంటోంది. ఓసి నీ అసాధ్యం కూలా! నిన్ను కూడా చేశావా? ఎంత చిన్నగా చేశావే... బల్ల ముందు కూర్చున్నావు. కొవ్వొత్తి. చెవి దగ్గర ఫోను కూడా పెట్టావు."

హాలంతా నొప్పుల మందు వాసన.

"అక్కా..." చెల్లెలు ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. "లాగకు. ఇంక లాగకు."

"ఉండవే. గుమ్మంలో అమ్మ లేదేమా అనుకుంటున్నా, ఇక్కడుంది. నీ కుర్చీ వెనకాల. చెయ్యి నీ మీదుగా ముందుకు చాపింది, అరచెయ్యి పైకి తిప్పి... ఏమడుగుతోందే అమ్మ?"

కొవ్వొత్తి వెలుగులో, బల్ల మీద, తన చేతి నీడ పక్కన ఇంకేదో కదిలింది. ఆమె తల తిప్పలేదు.

"అక్కా, ఇవ్వలేదు" అంది. "నేను ఇవ్వలేదు. ఆ మాత్ర... అమ్మ పిలిచింది, నేను వెళ్ళలేదు. ఇవ్వలేదక్కా!"

అవతల బస్సు హారను మోగింది. ఎవరో గట్టిగా టికెట్ టికెట్ అన్నారు.

"ఏంటే? ఈ మోతలో ఒక్క ముక్క వినపడట్లేదు" అంది అక్క. "ఉండు, పట్టీ ఇంకా మిగిలుంది. మొత్తం లాగి చూసి చెప్తా."