మూడడుగుల ట్యాంకు

కుక్కరు రెండో కూత కూసేసరికి వాసవి హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని టేపుతో గోడ కొలుస్తోంది. సోఫాకీ బాల్కనీ తలుపుకీ మధ్య మూడడుగుల అక్వేరియం చక్కగా పడుతుంది. నేరుగా ఎండ తగలదు. ప్లగ్ పాయింటు చేతికందే దూరంలో ఉంది. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని ఈ అద్దె ఫ్లాట్‌లో ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్న ఆ గోడకి ఇప్పటికి ఒక పని దొరికిందని ఆమెకు సంబరంగా ఉంది.

"ఏమండీ, ఒక్కసారి టేపు ఆ చివర పట్టుకోండి."

ఆఫీసు బ్యాగు భుజాన వేసుకున్న విష్ణువర్ధన్ అక్కడే ఆగిపోయాడు. "అంత పెద్దదెందుకు వాసూ? ఒక గాజు గిన్నె కొనుక్కో. అందులో ఒక ఫైటర్ చేప చాలు."

"గిన్నెలోనా? జనవరి చలికి అది బతుకుతుందా? దానికీ హీటరు కావాలి, ఫిల్టరు కావాలి. అయినా ఒక్క చేపని చూస్తూ కూర్చోడానికా వీటి గురించి నేనింత చదివింది?"

"పెద్దదైతే బరువు. నీళ్ళు నింపాక కదల్చలేం."

"కదల్చడం దేనికి?"

అతను కాళ్ళ దగ్గరే ఉన్న చెప్పుల కోసం అటూ ఇటూ వెతికాడు. టిఫిను డబ్బా టేబులు మీదే మరిచిపోయి వెళ్ళిపోయాడు.

విష్ణువర్ధన్ కేంద్ర ప్రభుత్వంలో అధికారి. పెళ్ళయినప్పటి నుంచీ బదిలీలే. నాగపూర్, జోధ్‌పూర్, భోపాల్. ప్రతి ఊళ్ళోనూ కర్టెన్లు కిటికీలకు కుదిరేలోపే మళ్ళీ సర్దుకోవడం. ఢిల్లీ వచ్చాక మాత్రం దేవుడి దయవల్ల నిలబడ్డారు. కూతురు భానుశ్రీ పదకొండో తరగతిలోకి వచ్చింది. వాసవికి దగ్గర్లోనే చిన్నపిల్లల బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. టీవీ, ఫ్రిజ్ కొన్నప్పటి అట్టపెట్టెల్ని ఏ ఊరు వెళ్ళినా అటక మీద దాచుకునే మనిషి, ఆ మధ్య ధైర్యం చేసి అన్నింటినీ పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేసింది కూడా.

అయితే కొన్నాళ్ళుగా భర్త తీరే బాగుండటం లేదు. అన్నం ముందు కూర్చుని మధ్యలో లేచిపోతున్నాడు. ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నాడు. 'అక్వేరియం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పొచ్చుగా' అని ఆమె లోలోపల ఉడికిపోతోంది.

ఆదివారం ముగ్గురూ కారులో దగ్గర్లోనే వైశాలిలో ఉన్న అక్వేరియం షాపుకి వెళ్ళారు. భానుశ్రీ ప్రతి అద్దానికీ ముక్కు ఆనించి చూస్తోంది.

"మమ్మా, యే వాలా ప్లీజ్! గోల్డ్‌ఫిష్! ఔర్ వో ఏంజెల్ భీ."

"గోల్డ్‌ఫిష్‌కి చల్లటి నీళ్ళుండాలే. మిగతావాటికి వెచ్చగా ఉండాలి. పైగా అది నీళ్ళని తెగ పాడుచేస్తుంది. ఆ ఏంజెల్ పెద్దదయ్యాక చిన్న టెట్రాల్ని మింగేస్తుంది."

"కుఛ్ నహీ హోతా మేడమ్, సబ్ సాథ్ మే రహ్ లేంగే," అన్నాడు షాపతను.

"అన్నీ కలిసి ఉండవు భయ్యా. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటికి మోలీలు, ప్లాటీలు, గప్పీలు బాగుంటాయి. ఒక్కో మగదానికి రెండేసి ఆడవి వేస్తే, ఒకదాన్నే తరిమి తరిమి చంపకుండా ఉంటుంది."

ఆ మాట తెలుగులోనే అనేశానని గుర్తొచ్చి నవ్వుకుని, మళ్ళీ హిందీలో చెప్పింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే, వెనక నుంచి భర్త గొంతు వినిపించింది.

"భయ్యా, సబ్‌సే హల్కా టాంక్ దిఖావో. జో ఉఠాకే లే జా సకే." ఎత్తి వెంట తీసుకెళ్ళగలిగేంత తేలికపాటిది చూపించమంటున్నాడు.

"కహా లే జానా హై సర్?" ఎక్కడికి తీసుకెళ్ళాలని షాపతను మామూలుగానే అడిగాడు.

విష్ణువర్ధన్ ఖాళీ ట్యాంకు మీది ధర చీటీ చదవడం మొదలుపెట్టాడు. ఏసీలో నిలబడ్డ మనిషి నుదుటి మీద చెమట. వాసవి ఆ ముఖం వంక చూసింది. బయటికి నడిచి కారులో కూర్చుంది.

ఫ్లైఓవరు ఎక్కేసరికి ట్రాఫిక్ ఆగిపోయింది.

"ఏ ఊరు?" అంది, ముందున్న లారీని చూస్తూ.

"గువాహటి. ప్రమోషన్ మీద. ఆర్డరు ఇంకా చేతికి రాలేదు. వెళ్తావా అని అడిగారు. వెళ్తానన్నాను."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

"పోయిన నెల నుంచీ నేను గోడ కొలుస్తున్నాను. మీరు చూస్తున్నారు."

వెనక సీటులోంచి భానుశ్రీ ముందుకి దూసుకొచ్చింది. "పాపా! నెక్స్ట్ ఇయర్ మేరే బోర్డ్ ఎగ్జామ్స్ హై! ఆప్‌నే పూఛా భీ నహీ?"

"అడిగితే మీ అమ్మ ఏమంటుందో నాకు తెలుసమ్మా."

"ఏమంటాను?" వాసవి గొంతు పెరిగింది. "చెప్పండి, ఏమంటాను?"

"సరే అంటావు." స్టీరింగు వదిలి ఆమె వైపు తిరిగాడు. "ఎప్పుడూ అదే మాట. భోపాల్‌లో ఆర్నెల్లు పెట్టెలు విప్పలేదు నువ్వు. కావలసిన గిన్నె తీసుకుని మళ్ళీ మూత పెట్టేదానివి. చూడనట్టు ఆఫీసుకి పోయేవాణ్ణి. ఆ 'సరే' మళ్ళీ వినే ధైర్యం లేకపోయింది వాసూ."

ఆమె ఆ పెట్టెల సంగతి ఈయనకి తెలియదనే ఇన్నాళ్ళూ అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటి వెనకే కోపమూ వచ్చింది.

"వినే ధైర్యం లేక, నా 'సరే' కూడా మీరే అనేశారన్నమాట. ఇప్పుడు అడగండి."

"ఇప్పుడేం..."

"అడగండి!"

వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. "గువాహటి వస్తావా?" అన్నాడు, వినీ వినబడనట్టు.

"రాను."

అంత చిన్న మాట. పెళ్ళయినప్పటి నుంచీ ఒక్కసారైనా అనలేదు. "ఆ ప్రమోషన్ మీ కష్టం. వెళ్ళండి, వద్దనను. పిల్ల చదువు ఇక్కడుంది, నా బడి ఇక్కడుంది. నేను రాను."

ఆ వారమంతా అతను గది నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి గదికి తిరిగాడు. వాసవికి పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో మాట ఆగిపోయేది. తప్పు చేశానా అనీ, ఇన్నేళ్ళకి ఒక్కటి మంచిపని చేశానా అనీ రెండు రకాలుగా నలిగిపోయింది.

శనివారం సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి గోడ దగ్గర ఇనుప స్టాండు, దాని మీద మూడడుగుల ట్యాంకు ఉన్నాయి. విష్ణువర్ధన్ చొక్కా చేతులు మడుచుకుని బకెట్టుతో నీళ్ళు పోస్తున్నాడు. భానుశ్రీ ఫోనులో చూస్తూ ఫిల్టరు బిగిస్తోంది.

"చేపల్ని రేపు తెద్దామా?" అన్నాడు, ఆమె వైపు తిరక్కుండా.

"రేపే వేస్తే చచ్చిపోతాయండీ. కనీసం నెల రోజులైనా ఫిల్టరు నడవాలి. నీళ్ళు కుదురుకోవాలి."

"అంటే నేను వెళ్ళాకే అన్నమాట." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అతని చేతిలోంచి బకెట్టు అందుకుని, రెండో బకెట్టు ఆమే పోసింది.

అతను వెళ్ళే రోజుకి ట్యాంకులో నీళ్ళు, నాలుగు మొక్కలు, బుడగలు మాత్రమే ఉన్నాయి. చలి మొదలయ్యాక మొదటి సెలవు దొరికి తిరిగొచ్చేసరికి నల్లటి మోలీలు, నారింజరంగు ప్లాటీలు, తోకలు విప్పుకుని గప్పీలు తిరుగుతున్నాయి. ఒక మోలీ పిల్లలు పెట్టిందని భానుశ్రీ మొక్కల మధ్యకి వేలు చూపించింది. అతను సూట్‌కేసు పక్కన పెట్టి కిందే కూర్చుండిపోయాడు. వాసవి టీ తెచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పటిదాకా నేనెక్కడికి పోతే ఇల్లు అక్కడికొచ్చేది," అన్నాడు. "తిరిగి రావడం ఎలా ఉంటుందో నాకు తెలియదు వాసూ. ఇందాక తలుపు దగ్గర బెల్లు కొట్టకుండా కాసేపు నిలబడిపోయాను. లోపల్నించి నువ్వు పిల్ల మీద అరుస్తున్నావు. వింటూ ఉండిపోయాను."

చెబుతూనే ముఖం అటు తిప్పుకున్నాడు. వాసవి కొంగుతో అతని చెంప తుడిచి, తన తల అతని భుజానికి ఆనించింది.